ఊరు వదిలి వచ్చాక మొదటి నెల

పని కోసం నగరానికి వచ్చిన మనిషి రాగానే పని వెతుక్కుంటాడు. అది సహజం. తెచ్చుకున్న డబ్బు ఎన్నాళ్లకు సరిపోతుందో లెక్క తెలుసు, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. కానీ ఆ తొందరలో చాలామంది ఒక చిన్న పనిని వాయిదా వేస్తారు, దాని నష్టం ఏళ్ల తరబడి మోస్తారు. తామెవరో, తమకు ఏ పని వచ్చో ప్రభుత్వం దగ్గర రాయించుకోరు. ఈ అధ్యాయం ఆ పని గురించి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో బతుకుతున్నవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, శ్రీకాకుళం నుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబం, ఒడిశా నుంచి వచ్చి హాస్టల్ వంటింట్లో గిన్నెలు తోమే కుర్రాడు, గ్రూప్స్‌కు చదువుతూ సాయంత్రాలు బైక్ మీద పార్సిళ్లు చేరవేసే డిగ్రీ అబ్బాయి. వీళ్లందరికీ పనికొచ్చే మాటలే ఇవి.

అసంఘటిత కార్మికులకు ప్రభుత్వం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు రాసే కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఇలాంటి సంభాషణ వినబడుతుంది. గోళ్ల చుట్టూ సిమెంటు అంటిన ఒక పెద్దాయన కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఏం పని చేస్తవ్ పెద్దాయనా?"

"కూలీ అని రాస్కో బిడ్డా."

కంప్యూటర్ ముందున్న అబ్బాయి అదే నొక్కబోతాడు. పక్కన నిలబడ్డ ఇల్లాలు ఊరుకోదు. "కూలేంది? సెంట్రింగ్ మేస్త్రీ మా ఆయన. ఇరవై ఏండ్ల సంది అదే పని. కింద ఐదుగురు పిల్లగాండ్లకు నేర్పిండు." అబ్బాయి జాబితా పైకి జరిపి మళ్లీ వెతుకుతాడు.

ఆ ఇల్లాలు చేసిన సాయం అంతా ఇంతా కాదు. ఈ-శ్రమ్ ఫారంలో మీ వృత్తిని జాతీయ వృత్తుల వర్గీకరణ ప్రకారం నమోదు చేస్తారు. 2015లో సవరించిన ఆ జాబితాలో ఒక్కో వృత్తికి ఒక్కో సంఖ్య ఉంది. సెంట్రింగ్ వేరు, రాడ్ బెండింగ్ వేరు, టైల్స్ వేరు, ప్లంబింగ్ వేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పోర్టల్ అయిన నేషనల్ కెరీర్ సర్వీస్‌తో ఈ-శ్రమ్‌ను జోడించారు. ఎక్కడైనా పదిమంది టైల్స్ పనివాళ్లు కావాలంటే ఆ వృత్తి కింద ఉన్నవాళ్లే కనిపిస్తారు. కూలీ అని రాయించుకున్న మేస్త్రీ అక్కడ ఎవరికీ దొరకడు. ఇరవై ఏళ్లుగా నేర్చుకున్న విద్యను ఒక్క మాటతో చెరిపేసుకోకండి. వంట చేసేవాళ్లు వంట అనండి, ఎంతమందికి చేయగలరో చెప్పండి. కుట్టుపని వస్తే జాకెట్లా, యూనిఫాంలా, ప్యాంట్లా చెప్పండి. ఇప్పుడు చేస్తున్న పనితో పాటు వచ్చిన మరో పనిని కూడా రాయించుకోవచ్చు. అడగనిదే ఎవరూ రాయరు.

ఈ-శ్రమ్ 2021 ఆగస్టు 26న మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ల మధ్య వయసుండి, పీఎఫ్, ఈఎస్ఐ లేని అసంఘటిత కార్మికులకు ఇది. రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్, బ్యాంకు ఖాతా, ఆధార్‌కు జతచేసిన ఫోన్ నంబరు ఉంటే చాలు. ఫోన్ జతచేసి లేకపోయినా నమోదు కేంద్రంలో వేలిముద్రతో పని అవుతుంది. అయినా నా సలహా, నగరానికి వచ్చిన మొదటి వారంలోనే ఆధార్‌కు మీ సొంత నంబరు జతచేయించుకోండి. చాలామంది ఆధార్‌లో మేస్త్రీ నంబరో, ఊళ్లో బావమరిది నంబరో ఉంటుంది. ఓటీపీ వాళ్లకు వెళ్తుంది, మీ పని ఆగిపోతుంది. పథకాల గురించి ఎంత తెలిసినా ఈ ఒక్క ముడి విప్పకపోతే ఏదీ ముందుకు కదలదు. అనుమానం వస్తే ఈ-శ్రమ్‌కు 14434, ఉద్యోగాల పోర్టల్‌కు 1514 నంబర్లు ఉన్నాయి.

ప్రభుత్వం ఇన్నాళ్లకు ఈ లెక్క ఎందుకు మొదలుపెట్టిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది మన లింగంపల్లి స్టేషన్ నుంచే. మే 1న, అంటే కార్మిక దినోత్సవం నాడే, దాదాపు 1,200 మంది వలస కూలీలతో జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. ఆ నెలల్లో దారిలో ఎంతమంది చనిపోయారని సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, ఆ లెక్క తమ దగ్గర లేదని కేంద్ర కార్మిక శాఖ చెప్పింది. పేరు లేనివాళ్ల లెక్క ఎవరి దగ్గరుంటుంది? 2021 జూన్‌లో సుప్రీంకోర్టు గడువు పెట్టి మరీ ఆదేశించాకే ఈ పోర్టల్ వచ్చింది. ఇప్పుడు అందులో 30 కోట్లకు పైగా పేర్లున్నాయి. మీ పేరు కూడా ఉండాలి.

నిరాశ్రయులకు పని చూపించడం మన ప్రభుత్వాలకు కొత్త విషయమేమీ కాదు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ అంటే డిగ్రీ సర్టిఫికెట్ తీసుకెళ్లి పేరు రాయించుకునే చోటని మన పెద్దవాళ్లకు గుర్తు. అసలు ఆ వ్యవస్థకు పునాది పడింది 1945 జులైలో, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికులకు పని చూపించడానికి. రెండేళ్లు తిరగకుండానే దేశ విభజన వచ్చింది. ఇళ్లూ వాకిళ్లూ వదిలి వచ్చిన శరణార్థులకు ఆ కార్యాలయాల తలుపులే తెరిచారు. 1948లో అందరికీ తెరిచారు. 1956 నవంబర్ 1న వాటి నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పుట్టిందీ ఆ రోజే. కాబట్టి కౌంటర్ ముందు నిలబడి పని అడగడానికి ఎవరూ తల దించుకోనక్కర్లేదు. అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్లు ఆ వరుసలోంచే మళ్లీ జీవితాలు కట్టుకున్నారు.

ఇక ఈ పేటల్లో ఎక్కువమందికి అక్కరకొచ్చే కార్యాలయం దగ్గరలోనే ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా హాళ్ల సందడి మధ్య కార్మిక శాఖ భవనం ఉంది, టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. టంగుటూరి అంజయ్య ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా పనిచేసి, కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి. ఆ పేరున్న భవనం ముందు నుంచి రోజూ బస్సులో వెళ్లే వందల మంది కార్మికులకు లోపల తమకు ఏముందో తెలియదు.

ఉన్నది భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి. కొత్తగా కట్టే భవనాల ఖర్చు మీద ఒక శాతం సెస్సు వసూలు చేసి ఆ డబ్బుతో దాన్ని నడుపుతారు. అంటే మీరు గోడ కట్టిన ప్రతి అపార్ట్‌మెంటు మీ కోసం కొంత డబ్బు కట్టింది. ఆ డబ్బు మీకు చేరాలంటే సభ్యత్వం ఉండాలి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసు, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండటం అర్హత. రిజిస్ట్రేషన్‌కు 50 రూపాయలు, ఏడాదికి 12 రూపాయల చొప్పున ఐదేళ్లకు 60, మొత్తం 110 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా కుటుంబానికి సాయం అందుతుంది. కూతురి పెళ్లికి, కాన్పుకు కూడా సాయం ఉంది. మట్టి మోసే ఆడవాళ్లు ఇది మగవాళ్ల కార్డు అనుకుంటారు. కాదు, భార్యాభర్తలిద్దరూ సైటులో పనిచేస్తే ఇద్దరికీ వేరువేరు కార్డులు ఉండాలి.

ఆ 90 రోజులను ఎలా రుజువు చేస్తారు? ఇక్కడే ఎక్కువమంది చిక్కుకుంటారు. అడ్డా మీద నిలబడి రోజుకో ఇంటికి వెళ్లే మనిషికి హాజరు పట్టీ ఎవరిస్తారు? అందుకే ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కోండి. తేదీ, సైటు ఉన్న వీధి, చేసిన పని, మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, మాట్లాడుకున్న కూలీ, చేతికి వచ్చిన కూలీ. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత రాయించండి. వారానికోసారి మేస్త్రీ చేత సంతకం పెట్టించుకోండి. మొహమాటం వద్దు, మంచి మేస్త్రీ కాదనడు. మండలి కార్డు అడిగేటప్పుడు ఈ పుస్తకం మీ మాటకు బలం. కూలీ ఎగ్గొడితే కార్మిక శాఖలో ఫిర్యాదు చేయడానికి మీ చేతిలో ఉండే కాగితం కూడా ఇదే. "ఇస్తా ఇస్తా" అంటూ తిప్పించుకునే కాంట్రాక్టరుతో నోటి మాట మీద గెలిచినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

పని వచ్చు కానీ సర్టిఫికెట్ లేదు అనేవాళ్లకు ఒక దారుంది. 2015లో మొదలైన ప్రధాన మంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని చేస్తూ నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంది. తరగతులకు నెలల తరబడి వెళ్లక్కర్లేదు. నిర్మాణ పనుల్లో శిక్షణకు మాదాపూర్ వైపు నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. ఊళ్లో పదో తరగతితో ఆగిపోయిన తమ్ముడో చెల్లెలో ఉంటే, గ్రామీణ పేద యువతకు ఉచిత శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపించే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. దాన్ని ఇక్కడికి రాకముందే ఊళ్లో అడిగి తెలుసుకుంటే మంచిది. నగరంలో గది అద్దెకు తీసుకున్నాక అడిగేకంటే అది నయం.

తిండి విషయానికి వస్తాను. సొంత ఊరి రేషన్ కార్డు ఇక్కడ చెల్లదని అనుకుని కొనుక్కు తినేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానాన్ని మొదట ప్రయోగించింది మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్యే. 2019 ఆగస్టు 9న ఇక్కడా, గుజరాత్-మహారాష్ట్రల మధ్యా ఒకేసారి మొదలైంది. పలాస కార్డుతో చిక్కడపల్లి రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. మీ వాటా ఇక్కడ, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల వాటా అక్కడ విడివిడిగా తీసుకునే వీలుంది. అయితే కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదై ఉండాలి, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. డీలరు కాదంటే 14445కు ఫోన్ చేసి చెప్పండి. పని దొరకని రోజున ఐదు రూపాయల భోజనం ఉంది. 2014 నుంచి ఈ నగరంలో అడ్డా కూలీలనూ, అశోక్‌నగర్ విద్యార్థులనూ ఒకే వరుసలో నిలబెట్టి అన్నం పెడుతున్న పథకం అది. ఆకలి కడుపుతో బేరమాడే మనిషి ఎంతకైనా ఒప్పుకుంటాడు. ఇంట్లో బియ్యం ఉన్న మనిషి "ఆ కూలీకి రాను" అనగలడు. అందుకే నా దృష్టిలో రేషన్ కూడా ఉపాధి పథకమే.

ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి మరొకటి. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2 నుంచి శ్రీకాకుళం, విజయనగరం కూలీలు హైదరాబాద్‌లో చట్టం దృష్టిలో అంతర్రాష్ట్ర వలస కార్మికులు. 1979 నాటి వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు తీసుకొచ్చినవాళ్లకే వర్తించేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్, తనంతట తానే వేరే రాష్ట్రం నుంచి వచ్చి పనిలో చేరిన మనిషిని కూడా వలస కార్మికుడిగా గుర్తించింది. అలా గుర్తించాలంటే నెల వేతనం 18,000 రూపాయలు దాటకూడదు. అలాంటి కార్మికులు పదిమందో అంతకుమించో ఉన్న సంస్థ, ఏడాదికోసారి సొంతూరికి రానుపోను ఛార్జీలు ఇవ్వాలి. అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం నిజమే, దాన్ని తేలిగ్గా తీసేయను. నలుగురు కలిసి అడగండి. ఒంటరిగా అడిగినవాడికి, గుంపుగా అడిగినవాళ్లకు వచ్చే జవాబులు వేరు.

కూలి పని మానేసి సొంతంగా బండి పెట్టుకోవాలనుకునేవాళ్లు ఈ ప్రాంతంలో ఎక్కువ. హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు ఉన్నచోట ఇడ్లీ బండికి, జిరాక్సుకు, ఇస్త్రీకి గిరాకీ తగ్గదు. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లేముందు పీఎం స్వనిధి గురించి అడగండి. 2020 జూన్‌లో 10,000 రూపాయల అప్పుతో మొదలైన ఈ పథకంలో ఇప్పుడు మొదటి విడత 15,000, సక్రమంగా కడితే తర్వాత 25,000, ఆపైన 50,000. పూచీకత్తు అడగరు, వాయిదాలు సమయానికి కడితే 7 శాతం వడ్డీ రాయితీ తిరిగొస్తుంది. 2030 మార్చి వరకు పొడిగించారు. కావాల్సింది జీహెచ్ఎంసీ నుంచి వీధి వ్యాపారి గుర్తింపు కార్డో, సిఫారసు పత్రమో. దర్జీలు, మంగలి, చాకలి, వడ్రంగి, తాపీ పనివాళ్లయితే 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ చూడండి. 18 వృత్తులకు వర్తిస్తుంది. శిక్షణలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి అప్పు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు.

గల్ఫ్‌కు పోవాలనే ఆలోచన ఉంటే ఏజెంటు గుమ్మం తొక్కకముందే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి అడిగితే అది అక్రమం. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు. అసలు ఏ ఉద్యోగానికైనా ముందు డబ్బు కట్టమనే మనిషిని నమ్మకండి. కరెంటు స్తంభాల మీద "డేటా ఎంట్రీ, ఇంటి నుంచే సంపాదన" అని అంటించే కాగితాలు చూసి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి మోసపోయిన పిల్లలు ఎందరో. ప్రభుత్వ పోర్టళ్లు ఉచితం, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పోర్టల్ డీట్ కూడా అంతే.

ఇంతవరకు చెప్పినవన్నీ భారత పౌరులకు. నగరంలో బాలాపూర్ వైపు బతుకుతున్న రోహింగ్యా కుటుంబాలకు వీటిలో ఏదీ అందదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. వాళ్ల చేతిలో ఉండే ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డుతో ఈ-శ్రమ్ రాదు. ఇతర దేశాలు వేరే దారులు పట్టాయి. ఉగాండా 2006 చట్టంతో శరణార్థులకు పనిచేసుకునే హక్కు ఇచ్చింది. జర్మనీ కొత్తగా వచ్చినవాళ్లకు 600 గంటల భాషా పాఠాలతో మొదలుపెడుతుంది. మన దేశం కూడా తనవాళ్లు తిరిగొచ్చినప్పుడు చేయి అందించింది. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చేసిన కుటుంబాలు నిలదొక్కుకోవడానికి 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టింది. ఉత్తరాంధ్రలో బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాల ముందుతరం బతికే ఉంది, అడిగితే చెబుతారు. కాగితం లేని మనిషికీ ఆకలి ఉంటుంది, చేసిన పనికి కూలీ రావాలి. ఆ న్యాయాన్ని మనం పాటించడానికి ఏ ఒప్పందం మీదా సంతకం అక్కర్లేదు.

చివరగా అశోక్‌నగర్‌లో చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీలో సాయంత్రం డెలివరీ పనికి వెళ్లేవాళ్లు కూడా ఈ-శ్రమ్‌లో నమోదు కావచ్చు. గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమాను రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో ప్రకటించింది, దాని సంగతీ కనుక్కోండి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని మీరు ఈ పథకాల పేర్లు, మొదలైన తేదీలు, లబ్ధి మొత్తాలు, అర్హత వయసులు అన్నీ కంఠస్థం చేస్తారు. ఈ అధ్యాయంలో నేను రాసిన అంకెలు మీలో చాలామందికి నిద్రలో లేపి అడిగినా వచ్చు. మీ మెస్‌లో అన్నం వడ్డించే అక్కకు, మీ హాస్టల్ మెట్లు తుడిచే అమ్మకు అవి తెలియవు. ఆ పథకాలు వాళ్ల కోసమే పెట్టారు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లలో ఒకరిని పని అయ్యాక ఆధార్, బ్యాంకు పుస్తకం తెచ్చుకొమ్మనండి. మీ ఫోన్‌లోనే ఈ-శ్రమ్ నింపండి. ఏం పని వచ్చని అడిగి, ఆమె కూలీ అంటే ఒప్పుకోకుండా ఇంకోసారి అడగండి. రేపు అధికారులై మీరు చేయబోయే పని ఇదే, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.